వినికిడి లేని పాపకు పారాలింపిక్స్‌లో చోటు ఉందా? ఈ పోటీల చరిత్ర తెలిసినవాళ్లు చెప్పండి

హంద్రీ_ఒడ్డు (కర్నూలు)
అందరికీ నమస్కారం. మా అన్న కూతురు ఎనిమిదో తరగతి చదువుతోంది. పుట్టుకతోనే రెండు చెవులూ వినపడవు. మామూలు జిల్లా పరిషత్ హైస్కూల్లోనే చదువు. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిపే భవిత కేంద్రం టీచరమ్మ అప్పుడప్పుడూ వచ్చి చూసిపోతుంటారు. పరుగులో మాత్రం పాప గట్టిది. ఈసారి మండల స్థాయి 200 మీటర్లలో ఫస్ట్ వచ్చింది. విజిల్ వినపడదు కాబట్టి పక్క అమ్మాయి కదిలాకే తనూ కదిలింది, అయినా అందరినీ దాటేసింది.

అప్పటి నుంచి ఊళ్లో అందరిదీ ఒకటే మాట, "పారాలింపిక్స్‌కి పంపండి" అని. 2028 లాస్ ఏంజిలిస్ అని కూడా అనేసుకున్నారు. నేను కూర్చుని ఆ ఈవెంట్ల జాబితా మొత్తం చూశాను. చూపు లేనివాళ్లకు ఉన్నాయి, చేతులూ కాళ్లూ లేనివాళ్లకు ఉన్నాయి, వీల్‌చైర్ వాళ్లకు ఉన్నాయి. చెవుడు ఉన్నవాళ్లకు ఒక్కటీ కనపడలేదు. ఎందుకిలా? అసలు ఈ పోటీలు ఎవరి కోసం పెట్టారు, ఎవరు పెట్టారు? తెలిసినవాళ్లు ఓపిగ్గా చెప్పండి. ఇంట్లోవాళ్లకు నేను సమాధానం చెప్పాలి.

పీఈటీ_అనంత (అనంతపురం)
హంద్రీ అన్నా, మీరు చూసింది కరెక్టే. పారాలింపిక్స్‌లో బధిరులకు ఈవెంట్లు లేవు. వాళ్లకు డెఫ్లింపిక్స్ అని వేరే ఉన్నాయి, నాలుగేళ్లకోసారి జరుగుతాయి. అవి పారాలింపిక్స్ కంటే ముందు పుట్టినవి. 1924 ఆగస్టులో, పారిస్‌లో ఒలింపిక్స్ ముగిసిన కొద్ది రోజులకే, అదే ఊళ్లో మొదలయ్యాయి. యూజీన్ రూబెన్స్ ఆల్కే అనే ఫ్రెంచ్ బధిరుడు ముందుండి నడిపించాడు. 9 దేశాల నుంచి 148 మంది వచ్చారు. చెవిటివాళ్లంటే మందమతులని లోకం అనుకునే కాలంలో, వాళ్లే సంఘం పెట్టుకుని, రూల్స్ రాసుకుని, అంతర్జాతీయ పోటీలు జరుపుకున్నారు. నాకు ఈ చరిత్రలో అన్నిటికంటే నచ్చే ఘట్టం ఇదే.

ఈ బధిరుల సంస్థ కొంతకాలం పారాలింపిక్ కమిటీతో కలిసి నడిచింది. 1995లో బయటికి వచ్చేసింది. తమ పోటీలు తమ చేతుల్లోనే, సైగల భాషలోనే సాగాలన్నది వాళ్ల పట్టుదల. అందుకే పారాలింపిక్స్ జాబితాలో మీకు ఆ ఈవెంట్లు దొరకలేదు.

అర్హత ఏమిటంటే, బాగా వినపడే చెవిలో కూడా కనీసం 55 డెసిబెల్స్ వినికిడి లోపం ఉండాలి. పోటీ జరిగేటప్పుడు చెవి మెషిన్ పెట్టుకోకూడదు. అందరూ ఒకే నిశ్శబ్దంలో పోటీ పడాలి కదా.

బురుజు_నీడ (కర్నూలు)
అన్నా, పాప కోసం ఎక్కడో వెతకనక్కర్లేదు. మన కర్నూలు అమ్మాయి షేక్ జాఫ్రీన్ టెన్నిస్‌లో డెఫ్లింపిక్స్ ఆడి వచ్చింది. 2017లో టర్కీలోని సామ్సున్‌లో పృథ్వీ శేఖర్‌తో కలిసి మిక్స్‌డ్ డబుల్స్‌లో కాంస్యం గెలిచింది. హైదరాబాద్ కుర్రాడు ధనుష్ శ్రీకాంత్ రైఫిల్ షూటింగ్‌లో స్వర్ణాలు తెచ్చాడు, మొన్న 2025 టోక్యోలో కూడా. పారాలింపిక్స్ వస్తే టీవీలో రోజంతా చూపిస్తారు. డెఫ్లింపిక్స్ ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగిశాయో మన ఊళ్లో ఒక్కరికీ తెలియదు. జాఫ్రీన్ పేరు కర్నూలులో ప్రతి స్కూల్లోనూ చెప్పాలి.

గండికోట_ఫిజియో (కడప)
పారాలింపిక్స్ పుట్టుక గురించి నేను చెప్తాను, అది నా వృత్తితో ముడిపడిన కథ.

లుడ్విగ్ గుట్‌మన్ జర్మనీలో పుట్టిన యూదు డాక్టరు, నరాల వైద్యుడు. నాజీల బాధ పడలేక 1939లో కుటుంబంతో ఇంగ్లండ్ చేరాడు. 1944 ఫిబ్రవరిలో స్టోక్ మాండవిల్ అనే ఊళ్లో, యుద్ధంలో వెన్నుపూస దెబ్బతిన్న సైనికుల కోసం పెట్టిన వార్డు ఆయనకు అప్పగించారు. అప్పటికి నడుం కింద చచ్చుబడిందంటే ఇక అంతే అనేవాళ్లు. చాలామంది ఆ దెబ్బతో పోయేవాళ్లు కారు. పడుకున్నచోట పుండ్లు పడి, మూత్రంలో ఇన్‌ఫెక్షన్ చేరి, ఒకటి రెండేళ్లలో పోయేవాళ్లు. గుట్‌మన్ మొదట చేసింది రాత్రీ పగలూ తేడా లేకుండా రెండు గంటలకోసారి పేషెంట్‌ను పక్కకు తిప్పించడం. వినడానికి చిన్న పనిలా ఉంటుంది. మా దగ్గరికి ఎర్రగుంట్ల వైపు బండల గనుల్లో నడుం విరిగినవాళ్లు వస్తుంటారు. వాళ్ల ఇళ్లలో ఆడవాళ్లకు మేం మొదట నేర్పేది ఇప్పటికీ అదే. తుంటి దగ్గర, మడమ దగ్గర చర్మం ఎర్రబడిందేమో రోజూ చూడమంటాం. వేలితో నొక్కి వదిలినా ఆ ఎరుపు పోకపోతే పుండు మొదలైనట్టే.

పుండ్లు ఆగాక ఆయన ముందు ఇంకో సమస్య నిలబడింది. బతికారు సరే, మంచం మీద ఏం చేస్తారు? చేతులతో బంతి విసిరించాడు, వీల్‌చైర్‌లో కూర్చోబెట్టి పోలో ఆడించాడు, తర్వాత విల్లు చేతికిచ్చాడు. విలువిద్య ఊరికే ఎంచుకున్నది కాదు. కాళ్లు పనిచేయనివాడికి భుజాలు, వీపు కండరాలే దిక్కు. విల్లు లాగితే అవే గట్టిపడతాయి, కూర్చున్నప్పుడు తూలకుండా నిలబెడతాయి. వైద్యం, ఆట ఒకటైపోయింది.

1948 జులై 29న లండన్ ఒలింపిక్స్ ప్రారంభమైన రోజే ఆయన ఆసుపత్రి ఆవరణలో విలువిద్య పోటీ పెట్టాడు. పాల్గొన్నది 16 మంది, వాళ్లలో ఇద్దరు ఆడవాళ్లు. 1952లో హాలండ్ నుంచి మాజీ సైనికులు రావడంతో అది అంతర్జాతీయ పోటీ అయింది. 1960లో రోమ్‌కు వెళ్లింది. 23 దేశాలు, దాదాపు 400 మంది. దాన్నే ఇప్పుడు మొదటి పారాలింపిక్స్‌గా లెక్కపెడతారు. రోమ్‌లో బస ఇచ్చిన భవనాలకు మెట్లున్నాయి. ఇటలీ సైనికులు క్రీడాకారులను వీల్‌చైర్లతో సహా మోసుకుపోవాల్సి వచ్చింది.

మాజీ_జవాన్ (కర్నూలు)
మేడమ్ చెప్పిన కథ మొదలైందే సైనికులతో. మన దేశం కథా అంతే. మురళీకాంత్ పేట్కర్ ఆర్మీలో బాక్సరు. 1965 యుద్ధంలో తూటాలు దిగి, ఒకటి వెన్నుపూసలో ఉండిపోయింది. తర్వాత ఈతకు దిగాడు. 1972లో జర్మనీలోని హైడెల్‌బెర్గ్ పారాలింపిక్స్‌లో 50 మీటర్ల ఫ్రీస్టైల్ 37.33 సెకన్లలో ఈది స్వర్ణం, ప్రపంచ రికార్డు రెండూ సాధించాడు. ఒలింపిక్స్‌లో మనకు వ్యక్తిగత స్వర్ణం రావడానికి 2008లో అభినవ్ బింద్రా దాకా ఆగాల్సి వచ్చింది. పేట్కర్ దానికి 36 ఏళ్ల ముందే తెచ్చాడు. ఆయనకు పద్మశ్రీ ఇచ్చింది 2018లో. ఇంత ఆలస్యం తలుచుకుంటే ఇప్పటికీ మనసు రగిలిపోతుంది.

మన పాత కర్నూలు జిల్లా బిడ్డ కొంగనపల్లె నారాయణ కూడా జవానే. కాశ్మీర్ డ్యూటీలో మందుపాతర పేలి కాలు పోయింది. పడవ పోటీల్లోకి వెళ్లి, అనితతో జోడీగా హాంగ్‌జౌ ఆసియా పారా క్రీడల్లో రజతం గెలిచాడు. 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 8వ స్థానం. రోయింగ్‌లో ప్రపంచంలో ఎనిమిదో జంట! కరువు సీమ నుంచి వెళ్లి నీళ్ల మీద ఆ స్థానం తెచ్చుకోవడం ఎంత పెద్ద విషయమో ఆలోచించండి.

హంద్రీ_ఒడ్డు (కర్నూలు)
అందరికీ థ్యాంక్స్. రాత్రి ఇదంతా మా అన్నకు చదివి వినిపించాను. ఒక డౌటు. రోమ్‌లో వీల్‌చైర్ వాళ్లే ఆడితే మిగతావాళ్లు ఎప్పుడొచ్చారు? ఒలింపిక్స్, పారాలింపిక్స్ రెండూ ఒకే ఊళ్లో జరగడం ఎప్పటి నుంచి?

పీఈటీ_అనంత (అనంతపురం)
ఒకరి వెంట ఒకరు వచ్చారన్నా. 1976 టొరంటోలో చూపు లేనివాళ్లు, కాళ్లూ చేతులూ పోయినవాళ్లు చేరారు. 1980 ఆర్న్‌హెమ్‌లో సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని కదలికలు పట్టుతప్పే లోపం) ఉన్నవాళ్లు.

ఒకే ఊరి సంగతి అంత తేలిగ్గా తేలలేదు. 1964లో టోక్యో రెండూ జరిపింది. 1968లో మెక్సికో చేయలేమంటే ఇజ్రాయెల్ తీసుకుంది. టెల్ అవీవ్‌లో జరిగిన ఆ పోటీలకే మన దేశం మొదటిసారి వెళ్లింది. 1980లో మాస్కో ఒలింపిక్స్ జరిపింది కానీ వీటిని వద్దంది, అందుకే హాలండ్‌లోని ఆర్న్‌హెమ్. 1984లో అమెరికాలో ఒక యూనివర్సిటీ ఒప్పుకుని డబ్బుల్లేక చేతులెత్తేస్తే, సగం న్యూయార్క్‌లో, వీల్‌చైర్ పోటీలు మళ్లీ ఆ పాత స్టోక్ మాండవిల్‌లోనే జరిపారు. ఇరవై ఏళ్లపాటు ఎవరు రానిస్తే వాళ్లింటికి వెళ్లినట్టు సాగింది. 1988 సియోల్‌లో ఒలింపిక్స్ ఆడిన స్టేడియాల్లోనే వీళ్లనూ ఆడించారు. మరుసటి ఏడు, 1989లో అంతర్జాతీయ పారాలింపిక్ కమిటీ పుట్టింది. ఒలింపిక్స్ అడిగే ఊరు వీటినీ జరపాలన్న ఒప్పందం 2001లో కుదిరింది.

టోక్యో 1964 గురించి ఒక్క మాట. డాక్టర్ యుటాకా నకమురా స్టోక్ మాండవిల్ వెళ్లి గుట్‌మన్ పద్ధతి చూసి వచ్చాడు. జపాన్‌లో వికలాంగుడంటే ఇంట్లో దాచిపెట్టుకునే రోజులవి. ఆ పోటీలు అయ్యాక ఆయన ఆగలేదు, 1965లో బెప్పులో వాళ్లకు ఉద్యోగాలిచ్చే సంస్థ పెట్టాడు. పోటీ తర్వాత జీతం దాకా ఆలోచించిన మనిషి.

అమ్మ_ప్రొద్దుటూరు (కడప జిల్లా)
నేను చాలా రోజులుగా ఇక్కడ చదవడమే గానీ రాయలేదు. నా కొడుక్కి పన్నెండేళ్లు, బుద్ధిమాంద్యం. మీరెవరూ మా పిల్లల ఊసు ఎత్తలేదని రాస్తున్నాను.

మా పిల్లలకు స్పెషల్ ఒలింపిక్స్ ఉంది. 1968 జులైలో షికాగోలో యూనిస్ కెనెడీ ష్రైవర్ మొదలుపెట్టారు. ఆమె అక్క రోజ్‌మేరీ మా పిల్లల్లాంటిదే. అందులో ముందు పరుగెత్తించి టైమ్ చూస్తారు, దగ్గర దగ్గర టైమ్ వచ్చినవాళ్లను ఒక గుంపు చేసి మళ్లీ పోటీ పెడతారు. గుంపులో అందరికంటే మెరుగైనవాడికీ అందరికంటే వెనకున్నవాడికీ తేడా 15 శాతం దాటకుండా చూస్తారు. కాబట్టి నా కొడుకు పరుగు తనలాంటివాళ్లతోనే. ఎనిమిదేళ్లు నిండిన పిల్లలు పోటీ పడొచ్చు.

పారాలింపిక్స్‌లోనూ మా పిల్లలకు చోటుండేది. 2000 సిడ్నీలో స్పెయిన్ బాస్కెట్‌బాల్ జట్టు స్వర్ణం గెలిచింది. ఆ 12 మందిలో 10 మందికి అసలు ఏ లోపమూ లేదని తర్వాత బయటపడింది. మోసం చేసింది వాళ్లు. తలుపు మూసింది మాత్రం లోకంలో ఉన్న ఇలాంటి పిల్లలందరికీ. 2004లో లేదు, 2008లో లేదు. 2012 లండన్‌లో కొన్ని ఈవెంట్లతో మళ్లీ తెరిచారు.

అలా తెరిచారు కాబట్టే వరంగల్ జిల్లా కల్లెడ అమ్మాయి జీవాంజి దీప్తి 2024 పారిస్‌లో పరుగెత్తగలిగింది. 400 మీటర్లు, టీ20 క్లాస్ (పరుగుల్లో బుద్ధిమాంద్యం ఉన్నవాళ్ల విభాగం), 55.82 సెకన్లు, కాంస్యం. అదే ఏడు కోబేలో ప్రపంచ చాంపియన్ కూడా అయింది. ఊళ్లోవాళ్లు ఆ పిల్లను ఏమేమి మాటలన్నారో, తల్లి ఎంత ఏడ్చిందో పేపర్లో చదివాను. అలాంటి మాటలు నేను రోజూ వింటున్నాను. ఆ పతకం చూసిన రాత్రి మా ఇంట్లో ఎవరం నిద్రపోలేదు.

గండికోట_ఫిజియో (కడప)
అమ్మా, మీరు రాసినందుకు సంతోషం. ఇక్కడే ఒక మాట చెప్పాలి. ఈ పోటీల చరిత్రంతా "ఎవరు ఎవరితో పోటీ పడాలి" అనే ఒక్క ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది. గుట్‌మన్ రోజుల్లో వెన్నుపూస ఏ ఎత్తున దెబ్బతిందో చూసి డాక్టరు క్లాస్ రాసేవాడు. 1990ల నుంచి ఆ ఆటలో ఆ మనిషి ఏ కదలిక చేయగలడో చూసి రాస్తున్నారు. టీ అంటే ట్రాక్, ఎఫ్ అంటే ఫీల్డ్. 11 నుంచి 13 చూపుకు, 20 బుద్ధిమాంద్యానికి, 30ల్లో సెరిబ్రల్ పాల్సీ, 40, 41 పొట్టివాళ్లకు, ఆ తర్వాతివి కాలు, చెయ్యి లోపాలకు, 50ల్లో వీల్‌చైర్, 60ల్లో కృత్రిమ కాళ్లు.

మనవాళ్లు సదరం సర్టిఫికెట్ తెచ్చి "డెబ్భై శాతం ఉంది మేడమ్, పోటీకి పనికొస్తుందా" అని అడుగుతారు. సదరం శాతం పింఛనుకు, రిజర్వేషన్‌కు. ఆటలో క్లాస్ వేరే నిపుణులు చూసి నిర్ణయిస్తారు. గెలిచాక కూడా అది తలకిందులు కావచ్చు. 2021లో టోక్యోలో మన వినోద్ కుమార్ డిస్కస్‌లో కాంస్యం గెలిస్తే, ఆ క్లాస్‌కు అర్హుడు కాదని మరుసటి రోజు రద్దు చేశారు.

వేరుశనగ_రైతు (కళ్యాణదుర్గం)
ఈ క్లాసులు మన దగ్గర ఎవరు చూస్తాండారు మేడమ్? డిసెంబర్ 3న వికలాంగుల దినోత్సవం అని ఒక చోట పోటీలు పెడితే మా తమ్ముడిని తీసుకుపోయినాను. వానికి పోలియో, కుడికాలికి క్యాలిపర్ (నడవడానికి కాలికి కట్టే ఊత) ఉంది. 100 మీటర్లు అని సున్నంతో గీత గీసి అందరినీ ఒకే వరసలో నిలబెట్టినారు. వాని పక్కన మోచేతి కింద చెయ్యి లేని పిల్లోడు, ఆ పక్క చెవుడు ఉన్నోడు. విజిల్ ఊదినారు. చెయ్యి లేనోడు అవతల గీత దాటేసరికి మా వాడు సగం కూడా రాలేదు, క్యాలిపర్ పట్టీ ఊడి కూర్చుండిపోయినాడు. చెవుడు ఉన్నోడికి విజిలే వినపడలేదు. సర్టిఫికెట్ మాత్రం అందరికీ ఇచ్చినారు. మా వాడు దాన్ని ఆటోలోనే వదిలేసినాడు. మళ్లీ పోదామంటే రాడు.

బురుజు_నీడ (కర్నూలు)
రైతన్నా, బాధ అర్థమైంది. కానీ జరిపేవాళ్ల వైపు నుంచి కూడా చూడాలి. మండలంలో వచ్చేదే పది పదిహేను మంది. క్లాసులుగా విడగొడితే ఒక్కో పరుగుకు ఒక్కడే మిగులుతాడు. ఒక్కడితో పోటీ ఏముంటుంది?

పీఈటీ_అనంత (అనంతపురం)
దానికీ దారులున్నాయి తమ్ముడూ. పెద్ద పోటీల్లోనూ జనం తక్కువైతే రెండు మూడు క్లాసులు కలుపుతారు. మంచు మీద స్కీయింగ్‌లో ఒక్కో క్లాస్‌కు ఒక లెక్క ఉంటుంది, అసలు టైమ్‌ను దానితో సరిచేసి ఎవరు గెలిచారో చెప్తారు. మండలంలో అంత లెక్క అక్కర్లేదు. ప్రొద్దుటూరు అమ్మ చెప్పిన పద్ధతి చాలు: పొద్దున ఒకసారి ఒక్కొక్కరినీ పరుగెత్తించి స్టాప్‌వాచ్‌లో టైమ్ రాసుకోవాలి, దగ్గర టైమ్ వచ్చినవాళ్లను కలిపి సాయంత్రం పోటీ పెట్టాలి. కాలు బాగాలేని పిల్లలకు పరుగు ఎందుకసలు? కుర్చీ వేసి, కాళ్లను తాడుతో కట్టి కూర్చోబెట్టి గుండు (షాట్‌పుట్) విసిరించొచ్చు. పారాలింపిక్స్‌లో చేసేదీ అదే. మీ తమ్ముడి భుజాలు ఎలా ఉన్నాయి రైతన్నా? క్యాలిపర్‌తో నడిచేవాళ్లకు భుజబలం మామూలుగా ఉండదు.

వేరుశనగ_రైతు (కళ్యాణదుర్గం)
మూట ఎత్తి ట్రాక్టర్‌లో వేస్తాడు సార్. ఇంట్లో వాడే ముందు. ఈ కుర్చీ సంగతి ఎవరూ చెప్పలేదు మాకు.

మడకశిర_వాడు (శ్రీ సత్యసాయి జిల్లా)
మా వైపు కథ ఒకటి చెప్పకపోతే ఈ చర్చ నిండదు. 2025 నవంబరులో అంధ మహిళల మొదటి టీ20 క్రికెట్ ప్రపంచకప్ జరిగింది. కొలంబోలో జరిగిన ఫైనల్లో నేపాల్‌ను 7 వికెట్లతో ఓడించి మనవాళ్లు కప్పు తెచ్చారు. కెప్టెన్ దీపిక మా మడకశిర వైపు తంబలహట్టి తండా అమ్మాయి. ఈ ఆట పారాలింపిక్స్‌లో లేదు, ప్రపంచకప్ వేరుగా జరుగుతుంది. మగవాళ్ల మొదటి ప్రపంచకప్ 1998లో ఢిల్లీలోనే అయింది.

ఆడేటప్పుడు దగ్గర నిలబడి చూస్తే రోమాలు నిక్కబొడుచుకుంటాయి. ప్లాస్టిక్ బంతి లోపల బేరింగ్ గుండ్లు ఉంటాయి, దొర్లితే గలగలమంటుంది. బౌలర్ "రెడీ?" అని అడగాలి, బ్యాటర్ "యస్" అనాలి, "ప్లే" అని చెయ్యి కిందినుంచి బంతి వదలాలి. ఆ ఒక్క క్షణం గ్రౌండ్ చుట్టూ ఎవరూ మాట్లాడకూడదు. పూర్తిగా చూపులేనివాళ్లు జట్టులో కనీసం నలుగురు ఉండాలి, వాళ్లు కొట్టిన ప్రతి పరుగూ రెండుగా లెక్క. మోకాలి మీద కూర్చుని స్వీప్ కొడతారు చూడండి, బంతి శబ్దం ఎక్కడుందో బ్యాట్ అక్కడుంటుంది.

హంద్రీ_ఒడ్డు (కర్నూలు)
విజిల్ మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నా. మా పాప స్టార్ట్ దగ్గరే నష్టపోతోంది. మామూలు పిల్లల పోటీల్లో దీనికేమైనా చేయొచ్చా?

పీఈటీ_అనంత (అనంతపురం)
డెఫ్లింపిక్స్‌లో తుపాకీ శబ్దానికి బదులు లైట్లు వాడతారు. ఎరుపు వెలిగితే గీత దగ్గరికి, పసుపు వెలిగితే నడుం పైకి లేపి సిద్ధం, పచ్చ వెలిగితే పరుగు. లైటు ప్రతి లేన్‌లో నేల మీద, స్టార్ట్ గీతకు కాస్త ముందు ఉంటుంది. తల దించి ఉన్నా కనపడాలి కదా.

మన దగ్గర రుమాలు ఊపుతారు. దాంతో ఒక ఇబ్బంది ఉంది. రుమాలు పట్టుకున్న సార్ పక్కన నిలబడతాడు, పిల్ల మెడ తిప్పి ఆయన్నే చూస్తుంటుంది. మెడ పక్కకు తిరిగితే భుజం లేస్తుంది, మొదటి అడుగు వంకరగా పడుతుంది. నేను జెండా పట్టుకున్న పిల్లవాణ్ని ట్రాక్ లోపల, పాప లేన్ ముందు పది అడుగుల దూరంలో మోకాళ్ల మీద కూర్చోబెడతాను. విజిల్, జెండా ఒకేసారి. జెండా పడగానే వాడు పక్కకు దొర్లిపోతాడు. జోనల్ మీట్‌లో ముందు రోజే రిఫరీకి రాసివ్వండి, చాలామంది ఒప్పుకుంటారు. ఎలక్ట్రీషియన్ తెలిసినవాళ్లుంటే మూడు ఎల్‌ఈడీ బల్బులు, ఒక స్విచ్, బ్యాటరీతో పెట్టె చేయించుకోవచ్చు. మా స్కూల్లో చేయించాం, మీరు అనంతపురం వస్తే చూపిస్తాను.

హంద్రీ_ఒడ్డు (కర్నూలు)
తప్పకుండా వస్తాం సార్, పాపను కూడా తీసుకొస్తాను. ఇంట్లో అందరికీ డెఫ్లింపిక్స్ సంగతి చెప్పేశాను. మా వదిన అడిగింది, ఇప్పుడే చేయాల్సిన కాగితం పని ఏమైనా ఉందా అని.

గండికోట_ఫిజియో (కడప)
ఉంది. చెవి మెషిన్ లేకుండా, రెండు చెవులకూ విడివిడిగా తీసిన ఆడియోగ్రామ్ (వినికిడి పరీక్ష గ్రాఫ్) కావాలి. సదరంలో రాసిన శాతం దానికి సరిపోదు. గ్రాఫ్ ఉన్న కాగితమే తీసుకోండి, టెస్ట్ చేసినవాళ్ల సంతకం, తేదీ ఉండాలి. చిన్నప్పుడు తీసినది ఉంటే అదీ పారేయొద్దు. ప్రొద్దుటూరు అమ్మా, మీ బాబుకు చేయించిన ఐక్యూ పరీక్ష రిపోర్టు కూడా అలాగే జాగ్రత్తగా ఉంచండి. రైతన్నా, మీ తమ్ముడిని ఒకసారి కడప తీసుకురండి. క్యాలిపర్ పట్టీ ఎందుకు ఊడుతోందో చూస్తాను, తర్వాత కుర్చీలో కూర్చోబెట్టి గుండు విసిరించి చూద్దాం.